అమ్మకు యోగా నేర్పించాలంటే శిక్షణ పొందిన టీచరే కావాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అమ్మగారికి 58 ఏళ్లు. పటమటలో ఉంటారు. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటున్నారు, కుడి మోకాల్లో గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పారు. యోగా చేయించమని చుట్టాలందరూ అంటున్నారు. ఇంటి దగ్గర సెంటర్‌లో నెలకు 2,500 అడుగుతున్నారు, దగ్గర్లోని పార్కులో పొద్దున్నే ఉచితంగా చేయిస్తున్నారు, యూట్యూబ్‌లో ఎలాగూ అన్నీ ఉన్నాయి. ఎక్కడ చేసినా ఆసనాలు అవే కదా, శిక్షణ పొందిన టీచర్ అని అంత డబ్బు ఎందుకు పెట్టాలి, పెట్టినా వాళ్లు నిజంగా నేర్చుకున్నవాళ్లో కాదో మనకెలా తెలుస్తుంది అన్నది మీ సందేహం.

మీ అమ్మగారి విషయంలో శిక్షణ ఉన్న టీచరే కావాలండీ. కనీసం మొదటి మూడు నాలుగు నెలలు. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో సొంతంగా చేసుకోవచ్చు, పార్కుకీ వెళ్లొచ్చు. అదే మీకోసం అడిగి ఉంటే, మీకు ఏ జబ్బూ లేకపోతే, మంచి వీడియో చూసి మొదలుపెట్టమనే చెప్పేదాన్ని. వయసును బట్టి, ఒంట్లో ఉన్న ఇబ్బందిని బట్టి జవాబు మారుతుంది.

నేను విజయవాడలోనూ గుంటూరులోనూ కలిపి ఇరవై ఏళ్లకు పైగా యోగా నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లు, ఏదో ఒక మాత్ర వేసుకుంటున్నవాళ్లు. అందుకే మీ ప్రశ్నకు కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఆసనాలు అవే అన్న మాట నిజమే. పాదహస్తాసనం పటమటలో చేసినా పుణెలో చేసినా నిలబడి, ముందుకు వంగి, చేతులు పాదాలకు అందించడమే. ఆ ఆసనం ఎలా చేయాలో మీకు ఏ వీడియో అయినా చూపిస్తుంది. మీరు టీచర్‌కు డబ్బు ఇచ్చేది అందుకు కాదు. మీ అమ్మగారు అసలు వంగొచ్చా, వంగితే ఎంతవరకు, లేచేటప్పుడు ఎంత నెమ్మదిగా లేవాలి, వంగకూడదంటే బదులుగా ఏం చేయాలి, వీటికోసం ఇస్తున్నారు. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు తల కిందికి పెట్టి చటుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్మి పడిపోవచ్చు. నడుం డిస్క్ జారినవాళ్లు మోకాళ్లు బిగబట్టి వంగితే నరం మీద ఒత్తిడి పెరిగి కాలు లాగేస్తుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు వెన్ను గుండ్రంగా చేసి బలంగా వంగితే వెన్నుపూస చితికే ప్రమాదం ఉంది. కంట్లో నీటికాసులు, అంటే గ్లకోమా ఉన్నవాళ్లకు తల కిందికి పెట్టిన నిమిషంలోపే కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. శీర్షాసనంలో అయితే అది దాదాపు రెట్టింపు అవుతుందని కంటి డాక్టర్లు కొలిచి చూపించారు. ఒక్క ఆసనానికి ఇన్ని మినహాయింపులు. రెడీమేడ్‌గా కుట్టిన జాకెట్టు అందరికీ పట్టనట్టే, ఒకే వరస ఆసనాలు అందరి ఒంటికీ పట్టవు.

ఇది ఇప్పటి డాక్టర్లు కొత్తగా కనిపెట్టిన జాగ్రత్త కూడా కాదు. ఇవాళ మనం చూస్తున్న ఆసనాల యోగాలో చాలా భాగం తిరుమలై కృష్ణమాచార్యగారి దగ్గర్నుంచి వచ్చింది. ఆయన 1930లలో మైసూరు మహారాజావారి ఆదరణలో జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా కుర్రాళ్లు. వాళ్లకు ఎగిరి దూకే వేగంతో, ఒకదాని వెంట ఒకటి ఆసనాలు చేయించేవారు. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్‌గారి ద్వారా ప్రపంచమంతా పాకిన పద్ధతి ఆ కాలంనాటిదే. అదే కృష్ణమాచార్యగారు 1950లలో మద్రాసు వచ్చాక, జబ్బు చేసినవాళ్లకూ పెద్దవాళ్లకూ ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టుకుని, వాళ్ల నాడి చూసి, వాళ్ల ఊపిరిని బట్టి నేర్పారు. ఆయన కుమారుడు దేశికాచార్‌గారు 1976లో చెన్నైలో పెట్టిన సంస్థ ఆ రెండో పద్ధతినే ముందుకు తీసుకెళ్లింది. మరో శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్‌గారు పుణెలో తాళ్లు, చెక్క దిమ్మలు, కుర్చీలు, దుప్పట్లు వాడి, వంగలేనివాళ్లకూ ఆసనం అందేలా చేశారు. వీడియోల్లో మీకు ఎక్కువగా కనిపించేది మైసూరు కుర్రాళ్ల యోగా. మీ అమ్మగారికి కావలసింది మద్రాసు యోగా. ఏది ఎవరికి ఇవ్వాలో తెలియాలంటే ముందు రెండూ ఉన్నాయని తెలియాలి. ఆ తెలివిడి శిక్షణలోనే వస్తుంది.

ఊపిరి విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నా దగ్గరకు గవర్నర్‌పేట నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు, యాభై దాటినాయన. టీవీ చూసి రోజూ కపాలభాతి, అంటే ఊపిరిని వరసగా బయటకు కొట్టడం, చేస్తున్నారు. ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిదని ఎవరో చెప్తే అయిదు వందల దాకా లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. కొన్నాళ్లుగా మాడు మీద నొప్పి, చేతి వేళ్ల చివర తిమ్మిరి, ఆఫీసులో ఊరికే టెన్షన్‌గా ఉండటం. బీపీ ఎక్కువే ఉంది కానీ, యోగా చేస్తున్నాను కదా అని మాత్ర ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మానేస్తున్నారు.

కూర్చోబెట్టి, ఒకసారి చేసి చూపించమన్నాను. చొక్కా కింది బొత్తం విప్పించి బొడ్డు దగ్గర చూశాను. కపాలభాతిలో ఊపిరి బయటకు కొట్టినప్పుడు పొట్ట లోపలికి పోవాలి. లోపలికి వచ్చే గాలి దానంతటదే రావాలి, మనం లాగకూడదు. ఆయన పొట్ట గాలి కొట్టినప్పుడు ముందుకు ఉబ్బుతోంది. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, మెడ నరాలు తేలుతున్నాయి, ముఖం ఎర్రబడుతోంది. పైగా గాలిని కూడా బలంగా లాక్కుంటున్నారు. అలా వేగంగా లాగి వదిలితే ఒంట్లో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువగా బయటకు పోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. తల తేలికైనట్టు, తిరిగినట్టు అనిపించడం, వేళ్లు తిమ్మిరెక్కడం ఇందువల్లే. చాలామంది అదేదో శక్తి మేల్కొంటోందని సంబరపడతారు.

ఆయనకు కపాలభాతి పూర్తిగా ఆపించాను. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు అది చేయకూడదు. డాక్టరుగారి దగ్గరకు పంపి మాత్ర మళ్లీ రోజూ మొదలుపెట్టించాను. వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టించి, నెమ్మదిగా లాగి అంతకన్నా నెమ్మదిగా వదలడం మాత్రమే నేర్పాను. ఊపిరి ఆపే కుంభకం అసలు పెట్టలేదు. "ఇంతేనా మేడం?" అని మొదట్లో నిరాశపడ్డారు. తలనొప్పి తగ్గాక ఆ మాట మళ్లీ అనలేదు. ప్రభుత్వం రూపొందించిన సాధారణ యోగా క్రమంలో కూడా మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకే కపాలభాతి 20 చొప్పున మూడు విడతలు అంటారు. అయిదు వందలు ఎక్కడ, ఇరవై ఎక్కడ!

హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో దాన్ని రాసిన స్వాత్మారాముడు ఇదే హెచ్చరిక చేశాడు. సింహాన్ని, ఏనుగును, పులిని ఎలా మెల్లమెల్లగా మచ్చిక చేసుకుంటామో ఊపిరినీ అలాగే వశం చేసుకోవాలి, తొందరపడితే అది సాధకుణ్ణే చంపుతుంది అన్నాడు. వందల ఏళ్ల కిందటి మాట. ప్రాణాయామం నేర్పే ప్రతి టీచర్‌కూ ఈ శ్లోకం నోటికి వచ్చి ఉండాలని నా అభిప్రాయం.

ఇంకో కేసు గుంటూరు లక్ష్మీపురం అమ్మాయిది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని, గంటల కొద్దీ కుర్చీలో. నడుం నొప్పి అని ఒక సెంటర్‌లో చేరింది. ఆ సెంటర్ పేరు నేను రాయను. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో తల మోకాలికి అందట్లేదని, నేర్పే ఆయన వెనక నుంచి రెండు అరచేతులూ వీపు మీద పెట్టి తోశారట. "అప్పుడే ఏదో కలుక్కుమంది ఆంటీ" అంది నాతో. ఆ సాయంత్రం నుంచి పిరుదు దగ్గర్నుంచి పిక్క దాకా లాగడం. ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చింది. అది అంతకుముందే ఉండి ఉండొచ్చు, ఆ తోయడంతోనే వచ్చిందని నేను అనను. కానీ నడుం నొప్పితో వచ్చిన మనిషిని, నొప్పి కాల్లోకి దిగుతోందా, తుమ్మితే ఎక్కువవుతోందా అని ఒక్కమాట అడగకుండా ముందుకు వంచి పైనుంచి తోయడం ఏ శిక్షణలోనూ నేర్పరు. ఆసనంలో ఉన్న మనిషిని బలంగా నొక్కే టీచర్ దగ్గర పెద్దవాళ్లను చేర్చకండి. ముట్టుకుని సరిచేయాలన్నా ముందు అడగాలి, ఆడవాళ్ల విషయంలో మరీనూ. నాకు తెలిసిన మంచి టీచర్లు చాలావరకు మాటతోనే సరిచేస్తారు, లేదా ఒక దిండో దుప్పటో ఇస్తారు.

ఇంత రాస్తుంటే యోగా అంటే భయపెడుతున్నానేమో అనిపిస్తోంది. అది నా ఉద్దేశం కాదు. సరిగ్గా చేస్తే మీ అమ్మగారికి ఇది చాలా మేలు చేస్తుంది. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది, నెమ్మదైన ఊపిరితో బీపీ కొంత దిగుతుంది, నిద్ర పడుతుంది. ఇవి నేను రోజూ చూస్తున్నవే.

ఇక సర్టిఫికెట్ల సంగతి. మన దేశంలో యోగా నేర్పడానికి లైసెన్స్ ఉండాలన్న చట్టం లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి చూసుకోవాల్సిన బాధ్యత మన మీదే పడుతుంది. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది, దాన్నే వైసీబీ అంటారు. దాని పరీక్ష రాయడం తప్పనిసరి కాదు, ఇష్టమైనవాళ్లు రాస్తారు. అందులో మెట్లు ఉన్నాయి. మొదటిది యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, సుమారు 200 గంటల పాఠ్యక్రమం. తర్వాతది యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, 400 గంటలు. ఆపైన టీచర్ అండ్ ఎవాల్యుయేటర్, 800 గంటలు. చికిత్స వైపు యోగా థెరపిస్ట్ అని వేరే వరస ఉంది. రాత పరీక్షతో పాటు ఆసనాలు చేసి చూపించాలి, ఎదుటివాళ్లకు నేర్పి చూపించాలి. మీ అమ్మగారికి రెండో మెట్టు గానీ అంతకుపైన గానీ ఉన్నవాళ్లయితే మంచిది, థెరపీ వరసలో ఉన్నవాళ్లు దొరికితే మరీ మంచిది.

చాలా సెంటర్లలో గోడకు కనిపించే యోగా అలయన్స్ సర్టిఫికెట్ అమెరికా సంస్థది. ఆ సంస్థ ప్రధానంగా శిక్షణ ఇచ్చే స్కూళ్లను తన జాబితాలో చేర్చుకుంటుంది, 200 గంటలు పూర్తిచేశారని స్కూలు చెబితే ఆ మనిషిని నమోదు చేసుకుంటుంది. స్కూలు మంచిదైతే శిక్షణ మంచిది, కాకపోతే కాదు. అంతకు మించి దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. బీఎన్‌వైఎస్ చదివినవాళ్లు అయిదున్నరేళ్ల కోర్సు చేసిన ప్రకృతి వైద్య, యోగా డాక్టర్లు. వాళ్లకు శరీరశాస్త్రం బాగా తెలుసు. బీహార్‌లోని ముంగేర్ యోగా విద్యాలయం, లోనావాలా కైవల్యధామ, బెంగళూరు ఎస్-వ్యాస లాంటి యోగా సంస్థల్లో ఉండి చదువుకుని వచ్చినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. లోనావాలా సంస్థను స్వామి కువలయానంద 1924లో పెట్టారు. యోగా చేసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో పరికరాలు పెట్టి కొలిచిన తొలి చోట్లలో అది ఒకటి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2025 మే 21 నుంచి జూన్ 21 దాకా మన రాష్ట్రంలో యోగాంధ్ర జరిగింది. చివరిరోజు విశాఖ తీరంలో 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. అప్పటి నుంచి మన దగ్గర యోగా మీద ఆసక్తి బాగా పెరిగింది, దానికి నాకు చాలా సంతోషం. అయితే అలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నందుకు ఇచ్చే ప్రశంసాపత్రం వేరు, నేర్పడానికి అర్హత వేరు. రెండూ ఒకేలా ఫ్రేము కట్టించి ఉంటాయి కాబట్టి దగ్గరకు వెళ్లి చదవండి. అందులో ఎన్ని గంటలు, ఏ పరీక్ష అన్నది ఉండాలి.

అయినా కాగితమే అంతా అని నేను అనను. కాగితం ఉన్నవాళ్లలోనూ పాఠం అప్పజెప్పినట్టు చేయించేవాళ్లు ఉన్నారు. గురువు దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకుని ఒక్క సర్టిఫికెట్ కూడా లేని పెద్దవాళ్లు సత్యనారాయణపురం సందుల్లో నాకు తెలుసు, వాళ్ల కాళ్లకు దండం పెట్టొచ్చు. అందుకే కాగితం చూశాక, దానికంటే గట్టి పరీక్ష ఇంకొకటి పెట్టమంటాను.

మొదటి రోజు టీచర్ మిమ్మల్ని ఏం అడుగుతారో చూడండి. ఫీజు, టైమింగ్, గూగుల్ పే నంబరుతో మాట అయిపోతే అక్కడ చేర్చకండి. నేర్చుకున్న టీచర్ మీ అమ్మగారిని కూర్చోబెట్టి కనీసం పదిహేను నిమిషాలు అడుగుతారు. ఏ మాత్రలు, ఏ పూట వేసుకుంటారు? బీపీ చివరిసారి ఎంత ఉంది? షుగర్ ఉందా? షుగర్ మందులో ఇన్సులినో వాడేవాళ్లు పరగడుపున క్లాసుకొస్తే షుగర్ పడిపోవచ్చు, అందుకే ఆ ప్రశ్న. కంటి డాక్టరుకు చూపించి ఎన్నాళ్లయింది? ఆపరేషన్లు ఏమైనా? నెలసరి ఆగి ఎన్నేళ్లయింది? ఇది ఎముకల బలం కోసం అడుగుతారు. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పా, దిగేటప్పుడా? నేల మీద కూర్చుని సాయం లేకుండా లేవగలరా? ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పించడం కాదు, కూర్చోబెట్టి లేపి చూస్తారు. లేచేటప్పుడు ఏ చెయ్యి ఆనించారు, ఏ కాలు ముందు పెట్టారు, ముఖం ఎలా పెట్టారు అన్నది చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

తర్వాత ఒక ట్రయల్ క్లాసు అడిగి, మీరు వెనక కూర్చుని చూడండి. టీచర్ గంటసేపూ ముందు చాప మీద తన ఆసనాలు తను వేసుకుంటూ ఉంటే, ఆయన మిమ్మల్ని చూడట్లేదన్నమాట. కాసేపు చూపించి, లేచి, మనుషుల మధ్య తిరగాలి. ఒకావిడ వజ్రాసనంలో కూర్చోలేకపోతుంటే "అలవాటైపోతుంది, ఓర్చుకోండి" అంటున్నారా, లేక పిక్కలకూ తొడలకూ మధ్య దిండు పెట్టిస్తున్నారా, లేదంటే కుర్చీ వేస్తున్నారా? దీన్నిబట్టే చెప్పేయొచ్చు. అరిగిన మోకాలికి ఓర్చుకోవడం మందు కాదు. కండ లాగినట్టుండే నొప్పిని కాస్త ఓర్చుకోవచ్చు, కీలు లోపల పొడిచినట్టుండే నొప్పి వస్తే వెంటనే ఆపాలి. ఈ తేడాను మొదటి వారంలోనే చెప్పని టీచర్ దగ్గర నాకు నమ్మకం కుదరదు.

క్లాసులో ఎంతమంది ఉన్నారన్నది కూడా చూడండి. ముప్పై నలభై మంది ఉన్న హాల్లో ఎంత గొప్ప టీచర్ అయినా మీ అమ్మగారి మోకాలిని చూడలేరు. పది పన్నెండు మంది మించకపోతే మంచిది.

మన ఊళ్ల వాతావరణం తెలిసి ఉండటం కూడా లెక్కలోకి వస్తుంది. విజయవాడలో మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. బీపీ మాత్రల్లో నీరు తీసే రకం వేసుకునేవాళ్లు అప్పుడు డాబా మీద ఏడున్నరకు చెమటలు కక్కుతూ సూర్యనమస్కారాలు చేస్తే ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి తూలిపోతారు. ఆ నెలల్లో నేను అయిదున్నరకే మొదలుపెట్టి, నిలబడి చేసేవి తగ్గించేస్తాను. గుంటూరులో అయితే మిర్చి సీజన్. యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ చుట్టుపక్కల గాలిలోనే ఘాటు ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లను ఆరుబయట కూర్చోబెట్టి, ఊపిరిని బలంగా లాగి వదిలే భస్త్రిక చేయిస్తే దగ్గు తెర ఆగదు. కిటికీలు మూసిన గదిలో, తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి చేయించినా వాళ్లకు చాలు.

పార్కు క్లాసులను నేను తక్కువ చేయను. పైసా తీసుకోకుండా తెల్లవారుజామున లేచి వచ్చి నేర్పేవాళ్లంటే నాకు గౌరవం. వాళ్లలో రిటైరైన పీఈటీ మాస్టార్లు, ఏళ్లుగా సాధన చేస్తున్నవాళ్లు ఉంటారు. మీ పార్కులో నేర్పే ఆయన్నే ముందు కలిసి పై ప్రశ్నలు ఆయన అడుగుతారేమో చూడండి. అడిగి, "అమ్మా, మీరు ఇవి చేయండి, ఇవి మానేయండి, వెనక కుర్చీ వేసుకోండి" అని చెబితే 2,500 మిగిలినట్టే, హాయిగా చేర్చండి. డబ్బు తీసుకోవడం శిక్షణకు గుర్తు కాదు. కానీ మైకులో లెక్కపెడుతుంటే అందరూ ఒకేలా చేసే పద్ధతి అయితే, ఆవిడకు ఇప్పుడే వద్దు. నాలుగు నెలల తర్వాత, తను ఏది చేయాలో ఏది వదిలేయాలో తనకే తెలిశాక వెళ్లొచ్చు. అప్పుడు నలుగురితో కలిసి చేయడం వల్ల సాధన ఆగిపోకుండా సాగుతుంది.

యూట్యూబ్ కూడా అంతే. టీచర్ దగ్గర నేర్చుకున్నది గుర్తు చేసుకోవడానికి బాగా పనికొస్తుంది. కొత్తది నేర్చుకోవడానికి మీ అమ్మగారికి వద్దు. ఆన్‌లైన్ లైవ్ క్లాసు మధ్యస్థం. కెమెరా పక్కనుంచి పెట్టి, నలుగురైదుగురికి మించకుండా ఉంటే, టీచర్ పేరు పెట్టి పిలిచి సరిచేస్తుంటే ఫరవాలేదు.

నెలకు 2,500 ఎక్కువే అనిపిస్తే ఒక ఉపాయం చెప్తాను. ఇంటికి వచ్చి విడిగా నేర్పే టీచర్‌ను వారానికి రెండు రోజుల చొప్పున మూడు నెలలకు మాట్లాడుకోండి. అమ్మగారికి సరిపడే ఒక క్రమం రాసి ఇవ్వమని ముందే అడగండి. మిగతా రోజులు అమ్మగారే చేసుకుంటారు. తర్వాత టీచర్ నెలకు ఒకసారి వచ్చి చూసి వెళ్తే చాలు. మా దగ్గర చాలామంది పెద్దవాళ్లు ఇలాగే చేస్తున్నారు, ఏడాది మొత్తం ఖర్చు సెంటర్ కంటే తక్కువే అవుతుంది. పక్కింటావిడ కూడా కలిస్తే ఇంకా తగ్గుతుంది.

కొన్ని మాటలు వినగానే లేచి వచ్చేయండి. "నలభై రోజుల్లో షుగర్ మాయం", "థైరాయిడ్ మాత్ర మానేయొచ్చు" లాంటివి. మాత్ర తగ్గించాలా ఆపాలా అన్నది డాక్టరు చెప్పాలి, యోగా టీచర్ కాదు. బీపీ దిగుతున్నట్టుంటే ఇంట్లో కొలిచి రాసుకుని డాక్టరుకు చూపించండి. ఆయనే తగ్గిస్తారు. అలాగే మొదటి నెలలోనే ఉప్పునీళ్లు లీటర్ల కొద్దీ తాగించే శంఖప్రక్షాళన, వమనధౌతి చేయిస్తామంటే మీ అమ్మగారికి అసలు వద్దు. బీపీ ఉన్నవాళ్లకు అంత ఉప్పు ప్రమాదం. ముక్కులో నీళ్లు పోసి కడిగే జలనేతి చేయిస్తే ఆ నీళ్లు మరగబెట్టి చల్లార్చినవేనా అని అడగండి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులో పోయడం ఎప్పుడూ మంచిది కాదు, అరుదుగానైనా మెదడుకు సోకే అమీబా అలాగే లోపలికి పోతుంది.

మీ అమ్మగారికి మొదటి నెల ఎలా ఉండాలో కూడా చెప్తాను, ఏ టీచర్ దగ్గర చేరినా పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. ఎక్కువ భాగం కుర్చీలోనే. చేతులు లేని గట్టి కుర్చీ, గోడకు ఆనించి, జారకుండా కింద చాప. కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, మోకాలి చిప్ప పైకి లాగినట్టు తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి దించడం. పడుకున్నప్పుడు మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దాన్ని కిందికి అదమడం. చీలమండలు తిప్పడం, భుజాలు తిప్పడం. గోడ పట్టుకుని తాడాసనం. మడమలు ఎత్తే ముందు, రెండు పాదాల మీదా బరువు సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు తెలియకుండానే మంచి కాలి మీదకు ఒరిగిపోతారు, కొన్నాళ్లకు ఆ తుంటి కూడా నొప్పి మొదలవుతుంది. వజ్రాసనం, పద్మాసనం, గొంతుక్కూర్చోవడం ప్రస్తుతానికి వద్దు. పూజలో కింద కూర్చోవడం అలవాటైతే ఎత్తు పీట వేయండి. ఊపిరిలో, లాగినదానికంటే వదిలేది కాస్త పొడుగ్గా ఉండే మామూలు శ్వాస, తర్వాత నాడీశోధన, అంటే ఒక ముక్కు తర్వాత ఇంకో ముక్కుతో ఊపిరి తీయడం, కుంభకం లేకుండా. చివర్లో శవాసనం పది నిమిషాలు, మోకాళ్ల కింద దిండు పెట్టి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, చెయ్యి ఆనించి, కూర్చుని, ఒక నిమిషం ఆగి అప్పుడు నిలబడాలి.

చేరే ముందు ఒకసారి కంటి డాక్టరు దగ్గర కంటి ఒత్తిడి చూపించండి, యాభై దాటినవాళ్లకు ఎలాగూ అవసరమే. మందుల చీటీ, మోకాలి ఎక్స్‌రే రిపోర్టు కాపీలు ట్రయల్ క్లాసుకు తీసుకెళ్లి టీచర్ చేతికివ్వండి. వాళ్లు చదివారా, పక్కన పెట్టేశారా అన్నది కూడా గమనించండి. వెళ్లొచ్చాక వాళ్లు ఏం అడిగారో, ఏం చేయించారో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.